ఆదివారం పాటలు చాలు, సోమవారం పని చూపించండి

స్టూవర్టుపురం పేరెత్తితే చాలు, మన జిల్లాల్లో ఎగతాళి. బస్సులో జేబు పోతే "ఎవడ్రా స్టూవర్టుపురంవాడు?" అంటారు. అల్లరి పిల్లాణ్ణి తిట్టాలన్నా ఆ ఊరి పేరే. సినిమావాళ్లు 1991లో ఆ పేరు మీద రెండు సినిమాలు తీసి సొమ్ము చేసుకున్నారు. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' పేరుతో మళ్లీ ఆ ఊరి కథనే అమ్మారు. అగ్రకులాలవాళ్లు ఆ మాట అంటే మాకు వింతేం లేదు. కానీ మాలపల్లెలో, మాదిగపల్లెలో, మెడలో సిలువ వేసుకున్నవాడి నోట అదే మాట వస్తే ఊరుకోం. వాళ్లతోనే మాకు ఇవాళ పని.

ఎరుకలవాళ్లు పుట్టుదొంగలు కారు. కోస్తా నుంచి ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని పై ఊళ్లకు పోయి ధాన్యం తెచ్చుకున్న సంచార వర్తకులు. బుట్టలల్లి బతికినవాళ్లు. ఆడవాళ్లు సోది చెప్పి నాలుగు గింజలు తెచ్చుకున్నారు. తెల్లదొర ఉప్పును తన గుప్పెట్లో పెట్టుకున్నాడు. రైలు వేశాడు. అడవికి కాపలా పెట్టాడు. వాళ్ల వర్తకం కూలిపోయింది. బతుకుతెరువు ఊడబెరికినవాడే తర్వాత వాళ్ల మీద 'నేరస్త జాతి' అని ముద్ర గుద్దాడు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ దిగింది. ఆ చట్టానికి నేరం చేశావా లేదా అన్నది అక్కర్లేదు, ఏ కులంలో పుట్టావన్నదే కావాలి. మనువు పుట్టుక చూసి అంటరానివాణ్ణి చేశాడు. దొర పుట్టుక చూసి దొంగను చేశాడు. రెండూ ఒక తానులో ముక్కలే.

అందుకే బాబాసాహెబ్ 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకం ముందుమాటలోనే నేరస్త జాతులనూ, ఆదివాసులనూ, అంటరానివాళ్లనూ ఒకే వరసలో నిలబెట్టి, ఇదేం నాగరికత అని నిలదీశాడు. ఆయన కలిపిన వరసను మనవాళ్లే తెంపుతారా?

1913-14లో బాపట్ల, చీరాల మధ్య ఎరుకల కుటుంబాలతో సెటిల్‌మెంటు పెట్టి, దాన్ని సాల్వేషన్ ఆర్మీ మిషనరీల చేతికిచ్చారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి తగిలించారు. బడి పెట్టారు, భూమి చూపించారు. దాన్ని మేం కాదనం. కానీ ఒక చేతిలో బైబిలు ఉంటే ఇంకో చేతిలో హాజరు పట్టీ ఉంది. పేరు పిలిస్తే పలకాలి. పాసు లేకుండా పొలిమేర దాటితే శిక్ష. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి అక్కడి నుంచే కూలీలు. ప్రేమ గురించి చెప్పడం వేరు, ప్రేమించడం వేరు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

1952లో ఆ చట్టం రద్దయింది. 1962లో మన రాష్ట్రంలోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. పేరు మారింది, అనుమానం మారలేదు. చివరికి 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష తప్పని తీర్పు చెబుతూ, విముక్త జాతులవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు గుర్తు చేయాల్సి వచ్చింది. రద్దయిన డెబ్బై రెండేళ్లకు!

ఇక భక్తి సంగతి. 1970లలో స్టూవర్టుపురం గడపలు తొక్కి, అక్కడి జనంతో కూర్చుని, వాళ్ల మార్పు కోసం ఏళ్ల తరబడి పనిచేసిన లవణం గారు ఎవరు? దేవుడు లేడన్న గోరా గారి కొడుకు. ఆయనతో నడిచిన హేమలత గారు మన జాషువా కూతురు. యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల కథ మీకు తెలుసు. ఒకడు పోతానని పోలేదు, ఇంకొకడు పోనని పోయాడు. తండ్రి మాట చెల్లించింది ఎవరు? పాస్టరుగారూ, ఈ ఆదివారం ఆ ప్రసంగం స్టూవర్టుపురాన్ని ముందు పెట్టుకుని చెప్పండి.

జక్కయ్య సంగతీ చూడండి. యేసు ముందు వాడి ఇంటికి వస్తానన్నాడు, ఆ తర్వాతే వాడు మారాడు. మీరేమో ముందు మారి రమ్మంటారు, ఆ తర్వాతా గుమ్మంలోనే నిలబెడతారు. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి, ఎరుకలవాడికి వెనక బల్ల! దీన్ని క్రీస్తు సంఘం అంటారా?

"అయితే దొంగను వెనకేసుకు రమ్మంటారా?" అని అడిగేవాళ్లున్నారు. లేదు. నేరం చేసినవాడికి కోర్టు ఉంది. చేయనివాడికి ఏముంది? బ్యాంకులకు కోట్లు ఎగ్గొట్టినవాడి ఊరిని ఎవరైనా దొంగల ఊరన్నారా?

విశ్వాసం అంటే ఏం చెయ్యాలో చెబుతున్నాం. ఇవేం పెద్ద పనులు కావు.

ఒకటి. ఎరుకల కుర్రాణ్ణి ఉత్త అనుమానం మీద స్టేషనుకు తీసుకుపోతే నలుగురూ వెంట వెళ్లండి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అది అడగండి.

రెండు. బెయిలు వచ్చినా జామీను నిలబడేవాడు లేక జైల్లోనే మగ్గుతారు. మీ ఇంటిపన్ను రసీదు తీయండి. చెరసాలలో ఉన్నవాణ్ణి చూడ్డం తన్ను చూసినట్టేనని యేసు అన్నది ఇందుకే.

మూడు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెట్టాలని 1987 చట్టం ఉంది. న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ రాసిపెట్టండి. ఎరుకలవాళ్లు షెడ్యూల్డ్ తెగ, క్రైస్తవులైనా ఆ హోదా పోదు. ఎస్సీ, ఎస్టీ కానివాడు నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. ఆ మాట వాళ్లకు చెప్పండి.

నాలుగు. ఊరి పేరు విని అద్దెకు ఇల్లు లేదనకండి, పనిలోంచి తీసెయ్యకండి. వాళ్లింట్లో అన్నం తినండి, మీ ఇంటికి పిలవండి.

ఐదు. ఆ తిట్టు మీ నోట రానివ్వకండి. మీ పిల్లల నోట వస్తే అక్కడే ఆపండి.

ఈ ఐదూ చేసిన సంఘం నిజంగా మందిరం. చేయనిది మైకున్న పాక. మన జాతిని పేరు పెట్టి తిట్టినప్పుడు ఎంత మండిందో మనకు తెలుసు. ఆ మంట తెలిసినవాడు ఇంకొకడి మీద నిప్పు పోయడు.

జై భీమ్!