విజ్ఞాన వీచిక: రెక్కల బలం పెంపకంలోనే

ఆపిల్ పండును కోయగానే గింజల వరకు సొరంగం తొలిచిన పురుగు కనిపించడం అనేక దేశాలలో తోటల యజమానులకు తెలిసిన అనుభవమే. ఆ పురుగు పేరు కాడ్లింగ్ మాత్. మన దేశంలో ఇది లడఖ్ ప్రాంతంలో ఉన్నది. ఈ నెల మన శీర్షికలో ఈ పురుగును కోట్ల సంఖ్యలో పెంచిన ఒక కర్మాగారం గురించి ముచ్చటించుకుందాము. శత్రువును చేరదీసి పెంచడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. అందుకు కారణమున్నది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఒకనాగన్ లోయ పండ్ల తోటలకు ప్రసిద్ధి. అక్కడ క్రిమిసంహారక మందుల వాడకాన్ని తగ్గించే ఉద్దేశంతో 1990వ దశకంలో ఒక బృహత్ప్రయత్నం జరిగింది. కర్మాగారంలో పెంచిన పురుగులకు గామా కిరణాలతో సంతానశక్తి లేకుండా చేసి, 1994 నుండి తోటలలో వదిలిపెట్టారు. వీటితో జతకట్టిన తోట పురుగుల గ్రుడ్లు పొదగవు. ఆ విధంగా శత్రు సంతతి తరం తరానికీ క్షీణిస్తుంది. ఒసోయూస్ పట్టణంలో నెలకొల్పిన ఆ కర్మాగారం వారానికి కోటికి పైగా పురుగులను ఉత్పత్తి చేయగల సామర్థ్యం గలది.

పురుగులకు పెట్టే మేతలో ఎర్రని రంగు కలిపేవారు. లింగాకర్షక బుట్టలో పడిన పురుగును నలిపి చూస్తే, లోపల ఎరుపు ఉన్నది కర్మాగారానిదని, లేనిది తోటదని తేలిపోయేది. తోట పురుగు ఒక్కటి పడినచోట కర్మాగారం పురుగులు 40 పడాలన్నది వారి లక్ష్యం.

ఇక్కడే చిక్కు వచ్చింది. వేసవిలో బుట్టలలో ఎర్ర పురుగులు బాగానే పడ్డాయి. వసంతకాలపు చల్లని సాయంత్రాలలో మాత్రం, ఎన్ని వదిలినా బుట్టలకు చేరినవి స్వల్పం. అదే చలిలో తోట పురుగులు ఎగురుతూనే ఉన్నాయి! వసంతంలో వెలువడే ఆ తొలి తరాన్ని అదుపు చేయకపోతే, వేసవిలో దాని సంతతిని ఎదుర్కొనవలసి వస్తుంది. ఎగరలేని పురుగు జత వెదకలేదు. అది ఎన్ని లక్షలున్నా లెక్కల పుస్తకంలో అంకె మాత్రమే.

కారణాన్ని అర్థం చేసుకోవాలంటే పురుగు బాల్యంలోకి వెళ్ళాలి. రెక్కలు వచ్చిన పిదప దీనికి ఆహారంతో దాదాపు పనిలేదు. రెక్కలు, వాటిని ఆడించే కండరాలు, ఇంధనంగా ఖర్చయ్యే కొవ్వు, ఇవన్నీ ప్రధానంగా గొంగళి దశలో తిన్న తిండి నుండి సమకూరినవే. ఆ దశలో మేత చాలకపోతే పెద్దయిన పురుగు శరీరం చిన్నదవుతుంది, నిల్వ తరుగుతుంది. మేత ఒక్కటే కాదు, పెరిగిన వాతావరణమూ ముఖ్యమే. తోటలో పురుగు పగటి ఎండను, రాత్రి చలిని చవిచూస్తుంది. పూర్తిగా ఎదిగిన గొంగళి చెట్టు బెరడు క్రింద గూడు అల్లుకొని, శీతాకాలమంతా నిద్రావస్థలో గడుపుతుంది. కర్మాగారంలోని పురుగుకు ఏడాది పొడవునా ఒకే వెచ్చదనం. చలి అంటే ఏమిటో అది ఎరుగదు.

1990వ దశకంలోనే శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పరీక్షించారు. గొంగళి దశలో పగటి వెలుతురును, వేడిని తగ్గించి పురుగులను నిద్రావస్థకు మళ్ళించారు. కొంతకాలం చలిలో ఉంచి, తరువాత మేల్కొలిపారు. ఇలా పెరిగిన పురుగులను తోటలో వదలగా, నిరంతరం వెచ్చదనంలో పెరిగిన వాటికంటె ఎక్కువగా బుట్టలకు చేరాయి. పైగా శీతాకాలంలో పెంచిన పురుగులను చలిగదిలో నిల్వచేసి, అవసరమైనపుడు వాడుకొనే వీలు కూడా కలిగింది.

స్విట్జర్లాండులో మరొక విధమైన పరీక్షలు జరిగాయి. గానుగ ఎద్దువలె పురుగును తేలికైన కడ్డీకి కట్టి, అది గుండ్రంగా ఎగిరిన దూరాన్ని లెక్కగట్టారు. అధిక భాగం కొద్ది దూరానికే ఆగిపోగా, కొన్ని మాత్రం కిలోమీటర్ల కొద్దీ ఎగిరాయి. అయితే దూరం ఎగిరే వంశంలోని ఆడ పురుగులు పెట్టిన గ్రుడ్లు తక్కువ. బాల్యంలో కూడబెట్టిన ధనం పరిమితం. దానిని ప్రయాణానికి వెచ్చిస్తే సంతానానికి తగ్గుతుంది.

ఉత్పత్తి లక్ష్యాలతో నిత్యం సహవాసం చేసే మనకు ఈ పురుగు కథ కొత్తది కాదు. గేటు దాటిన సరుకు ఎంత అన్నది ఒక లెక్క. అది బయటి ఎండకూ చలికీ నిలిచి పనిచేసిందా అన్నది మరొక లెక్క. ఆ కర్మాగారం తన పురుగుల నాణ్యతను లోపలి గదులలో గాక, చల్లని సాయంత్రం తోటలోని బుట్టలో తెలుసుకొన్నది.