ఇంటర్నల్ మార్కులు ఉండాలి, తనిఖీ బయటివారు చేయాలి

తెలంగాణ పదో తరగతిలో పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు, బడిలో ఏడాది పొడవునా జరిగే ఫార్మేటివ్ పరీక్షలకు 20 మార్కులు. 2014-15 నుంచి ఇదే లెక్క. 2024 నవంబరు చివర్లో, విద్యా సంవత్సరం సగం దాటాక, ఈ 20 ఎత్తివేసి 100కీ రాతపరీక్షే పెడతామని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. విమర్శలు రావడంతో మార్పును 2025-26కు వాయిదా వేసింది. తీరా ఆ ఏడాది వచ్చాక పాత పద్ధతే ఉంటుందని చెప్పింది. ఈ ఊగిసలాట పిల్లలకు అన్యాయం. 20 మార్కులు ఉంచి తీరాలి, వాటికి గట్టి తనిఖీ పెట్టాలి.

కొన్ని ప్రైవేటు బడులు రికార్డుతో పని లేకుండా అందరికీ 20కి 20 వేస్తున్నాయన్న ఫిర్యాదు పాతదే, అందులో నిజం లేకపోలేదు. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి ప్రతిభ మీదే దక్కుతాయి కనుక, నిజాయితీగా 16 వేసిన జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు నష్టపోతారు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఈ మార్కులనే తీసేసింది. దాంతో ఫిర్యాదుతోపాటు, ఈ మార్కుల్లో భాగమైన ప్రాజెక్టు పనికున్న విలువా పోయింది.

ఆ విలువ మెదక్‌లో తేలిగ్గానే తెలుస్తుంది. ఘనపూర్ ఆనకట్ట నుంచి వచ్చే మహబూబ్‌నహర్ కాలువ వెంట నడిచి, చివరి ఆయకట్టు రైతులకు ఎన్ని తడులు అందాయో అడిగి పట్టిక వేసిన విద్యార్థికి సాంఘికశాస్త్రం నిజంగా అబ్బుతుంది. మూడు గంటల పేపరు ఆ పనిని కొలవలేదు. గైడు చూసి ఎక్కించిన ప్రాజెక్టుకూ దీనికీ తేడా మాత్రం చూసే కన్నుండాలి.

కరీబియన్ దేశాలు ఆ ఏర్పాటు చేసుకున్నాయి. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్, గయానా వంటివి 1972లో ఉమ్మడి పరీక్షల మండలి పెట్టుకుని, 1979 నుంచి కేంబ్రిడ్జి పరీక్షల స్థానంలో సొంత పరీక్షలు తెచ్చాయి. ప్రాథమిక విద్య చివర ట్రినిడాడ్ పరీక్ష వేరు, జమైకా పరీక్ష వేరు. సెకండరీ ముగింపులో మాత్రం అందరిదీ ఒకే పరీక్ష. అందులోనూ బడిలో చేసే పనికి మార్కులున్నాయి, వాటిని వేసేదీ ఆ బడి ఉపాధ్యాయులే. అయితే కొందరి నమూనాలను మండలి తెప్పించి మళ్లీ దిద్దిస్తుంది. మార్కులు ఉదారంగా పడ్డాయని తేలితే ఆ బడి మార్కులను సవరిస్తుంది.

తెలంగాణలోనూ తనిఖీ బృందాలు బడులకు వెళ్తున్నాయి. రికార్డు ఉందో లేదో చూసి సంతకం పెడితే చాలదు. ప్రభుత్వ పరీక్షల విభాగం ప్రతి బడి నుంచి తానే ఎంచిన కొన్ని ప్రాజెక్టులను మరో జిల్లా ఉపాధ్యాయులతో దిద్దించాలి, తేడా ఉంటే బడి మొత్తానికి సవరణ వర్తింపజేయాలి. దిద్దే ఉపాధ్యాయులకు స్పాట్ వాల్యుయేషన్‌కు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వాలి. పరీక్ష విధానంలో ఏ మార్పయినా పిల్లలు తొమ్మిదిలో చేరే జూన్‌లోనే ప్రకటించి, పది పూర్తయ్యేదాకా కదిలించకూడదు.