ఆట కూడు పెట్టునా?



గత మాసమున మా వీథిలోని యొక యిల్లాలు తన కూఁతును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆ బాలిక యెనిమిదవ తరగతి చదువుచున్నది. పాఠశాల మైదానమున మగపిల్లలకు దీటుగా క్రికెట్టు బంతి వేయునఁట. “అక్కా, దీనికి మీరన్నా చెప్పండి. ఎదిగే పిల్లకు ఇంకా ఆటలేంది? ఆట కూడు పెడుతుందా?” అని యామె నన్నడిగినది.

నేను వెంటనే యుత్తరము చెప్పజాలనైతిని. నాకు భారతమును భాగవతమును చదువ నేర్పిన మా నాయనగారే పన్నెండేండ్లు నిండగనే వీథిలో ఆడుట మాన్పించిరి. అదియే మర్యాద యని నేనును చిరకాలము నమ్మితిని. అయిన నామె ప్రశ్నకు సమాధానము మన కడప జిల్లాయందే కలదు.

వీరపునాయునిపల్లె మండలమునకు చెందిన నల్లపురెడ్డి శ్రీచరణి 2004 ఆగస్టు 4వ తేదీన జన్మించెను. తండ్రి ఎఱ్ఱగుంట్ల దాపున నున్న రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రమున ఉద్యోగి. ఆమె బాల్యమున ఖోఖో, బ్యాడ్మింటను, పరుగుపందెములయం దాసక్తి కలిగియుండెను. మేనమామతో సరదాకు క్రికెట్టాడుచుండెడిది. పదునారవయేట గాని దానిని పూనికతో నేర్వ నారంభింపలేదు. తండ్రి తొలుత సమ్మతింపలేదు. ఆయన మనసు మరలుటకు ఏడాది పట్టినది. తల్లి మాత్రము బిడ్డ పక్షముననే నిలిచెను. మొదట వేగముగా బంతి వేయుచుండిన శ్రీచరణి, దానివలన ఫలితము చాలకపోగా ఎడమచేతి స్పిన్నునకు మారెను. ఎడమచేతి వ్రేళ్లతో త్రిప్పి వదలిన బంతి నేల దాఁకి, కుడిచేతితో నాడువారికి దూరముగా తొలగిపోవును. ఇది బలముకంటె ఓర్పును ఎక్కువగా కోరెడి విద్య.

ఇఁక కూటి మాట. స్త్రీల క్రికెట్టు ప్రపంచకప్పు 1973లో, పురుషులదానికంటె రెండేండ్లు ముందుగనే ఆరంభమైనను, మన దేశమున ఆడువారి యాట చాలకాలము పేదయాటగనే యుండెను. 2006లో గాని అది భారత క్రికెట్ బోర్డు నీడకు చేరలేదు. అంతకుముందు రైలులో సాధారణ తరగతిలో పయనించి పోటీలకు పోయిన దినములను హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ తరమువా రెఱుగుదురు. ఆమె నాయకత్వమున మన జట్టు 2005లోను, 2017లోను ప్రపంచకప్పు తుదిపోరు దాఁక పోయి యోడినది. 2022 అక్టోబరులో బోర్డు స్త్రీపురుషులకు పోటీరుసుము సమానము చేసెను: టెస్టునకు 15 లక్షలు, ఒకదినపు పోటీకి 6 లక్షలు, ఇరువది ఓవర్ల పోటీకి 3 లక్షల రూపాయలు. 2023లో మహిళల ప్రీమియర్ లీగు మొదలైనది. ఆ యేడే అనంతపురము జిల్లా బిడ్డ బారెడ్డి అనూష బంగ్లాదేశమునకు పోయి భారతదేశము పక్షమున ఆడినది.

ఈ లీగునకు క్రీడాకారిణులను ఎన్నుకొను పద్ధతిని “వేల”మందురు. కాశీవీథిలో చంద్రమతిని విక్రయించిన కథ చదివి కంటఁదడి పెట్టినదానను గనుక, ఆ మాట వినఁగనే నా మనసు చివుక్కుమన్నది. విచారింపఁగా తెలిసినదేమన, ఇచట విలువ గట్టునది మనిషికి గాదు, విద్యకు. క్రీడాకారిణి తానై పేరిచ్చును. సొమ్ము ఆమెకే చెందును. 2024 డిసెంబరు వేలమున ఢిల్లీ జట్టువారు శ్రీచరణికి 55 లక్షలు కట్టిరి. మరుసటి యేడు నవంబరులో అదే జట్టు 1 కోటి 30 లక్షలిచ్చి మరలఁ దీసికొనెను.

నడుమ జరిగినదే ఆమె విద్యకు పరీక్ష. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో ఆమె భారతజట్టున తొలిసారి ఆడెను. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండుమీద 12 పరుగులకే 4 వికెట్లు తీసి, అయిదు పోటీలలో మొత్తము 10 వికెట్లతో ఆ శ్రేణికే ఉత్తమ క్రీడాకారిణి యయ్యెను. ప్రపంచకప్పులో అక్టోబరు 12న విశాఖపట్టణమున మన జట్టు 330 పరుగులు చేసియు ఆస్ట్రేలియా చేత నోడినది. తక్కిన బౌలర్లు చెల్లాచెదరైన ఆనాడు శ్రీచరణి 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసెను. ఓడినదినమున చేయి వణఁకకుండుటయే నాకు గొప్పగా తోఁచినది. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో గెలిచి మనవారు తొలిసారి కప్పు నందుకొనిరి. ఆ పోటీలన్నింట శ్రీచరణి 14 వికెట్లు తీసెను. మన జట్టున దీప్తి శర్మ మాత్రమే అంతకుమించి తీసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలు, కడపలో 1000 గజముల యింటిస్థలము, గ్రూపు-1 ఉద్యోగము ప్రకటించినది.

“అన్నియు సరే, పెండ్లియైన పిదప ఈ యాట లేమగు”నని మీలో కొంద రడుగవచ్చును. స్వీడను దేశీయురాలు అనీకా సోరెన్‌స్టామ్ గోల్ఫు ఆటయే వృత్తిగాఁ గైకొని, అమెరికా మహిళల పోటీలలో 72 గెలిచి 2008లో విరమించెను. పిమ్మట ఇద్దరు బిడ్డల తల్లియై, 2021లో ఏఁబదియవయేట, అమెరికా సీనియర్ మహిళల ఓపెన్ పోటీని గెలిచెను. సంసారము ఆటకు విరామ మీయవచ్చును గాని, నేర్చిన విద్యను చెఱుపదు.

బంతి పట్టిన ప్రతిబాలికయు శ్రీచరణి కాఁజాలదు; అట్లనుట మోసము. భారతజట్టున నాడువారు పదునొకండుగురే. కావున చదువు మానవలదు. అయితే సంగీతము నేర్చిన ప్రతిబిడ్డయు విద్వాంసురాలగునా? అందులకై నేర్పుట మానుచున్నామా? సాయంకాల మొక గంట, కాలికి మంచి జోళ్లు, వెంట నీళ్ల సీసా, తోడుపోవుటకు మేనమామయో యన్నయో: ఇంత సమకూర్చిన చాలును. తక్కినది బిడ్డయే చూచుకొనును.

ఆ యిల్లాలితో నేనీ మాటలే చెప్పితిని. ఆమె వెంటనే సరేయనలేదు. “వాళ్ల నాయనతో మాట్లాడి చూస్తానక్కా” అని లేచినది. శ్రీచరణి తండ్రికే ఏడాది పట్టినది గదా. ఈయనకును కొంత గడువీయవలసినదే. అంతదాఁక సాయంకాలముల ఆ పిల్లను మైదానమునకుఁ గొనిపోవు పని నేను పెట్టుకొన్నాను.