మొదటి ఎపిసోడ్ ఇచ్చి మొత్తానికి డబ్బులు.. ‘సీజన్ పాస్’ గేమ్స్ కొనేముందు ఈ లెక్క చూసుకోండి

విజయవాడ: ఓటీటీలో సిరీస్ వారానికో ఎపిసోడ్ చొప్పున వస్తే మనకేం ఇబ్బంది లేదు. నచ్చితే చూస్తాం, నచ్చకపోతే వచ్చే నెల చందా కట్టం. అంతే. కొన్ని వీడియో గేమ్స్ కూడా ఇదే పద్ధతిలో వస్తున్నాయి. కథను ఐదారు ముక్కలు చేసి, నెలకో ముక్క, రెండు నెలలకో ముక్క వదులుతారు. తేడా ఎక్కడంటే, చాలాసార్లు మొదటి ముక్క చేతికొచ్చిన రోజే అన్ని ముక్కలకూ డబ్బులు తీసేసుకుంటారు. దాని పేరే సీజన్ పాస్.

కానూరు, పోరంకి వైపు ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఉండేవాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గదిలో నలుగురూ తలా కొంత వేసుకుని గేమ్ కొనడం మామూలే. ధర కొన్ని వందల నుంచి రెండు మూడు వేల దాకా ఉంటుంది. పెద్ద కంపెనీకి అది చిల్లర. ఇంటి నుంచి నెలకి ఇంత అని తెచ్చుకునే కుర్రాడికి మాత్రం అది టిఫిన్ డబ్బులు. మరి ఆ డబ్బుకి వచ్చేది గేమా, లేక గేమ్ చేస్తామన్న మాటా?

మాట నిలబెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. 2025 అక్టోబర్ 22న ‘డిస్పాచ్’ అనే గేమ్ వచ్చింది. మొత్తం ఎనిమిది ఎపిసోడ్లు. వారానికి రెండు చొప్పున, ముందే చెప్పిన తేదీలకే వదిలి, నవంబర్ 12కి ముగించేశారు. నాలుగు వారాల్లో కథ పూర్తి. దాన్ని చేసిన యాడ్‌హాక్ స్టూడియో వ్యవస్థాపకులు అంతకుముందు పనిచేసిన చోటు టెల్‌టేల్ గేమ్స్. ఎపిసోడ్ గేమ్స్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చింది ఆ కంపెనీయే. ఆ పద్ధతిలో ఉన్న ప్రమాదమేంటో చూపించిందీ అదే.

టెల్‌టేల్‌లో ఏం జరిగింది?

2012లో టెల్‌టేల్ ‘ది వాకింగ్ డెడ్’ మొదటి సీజన్‌ని ఐదు ఎపిసోడ్లుగా ఇచ్చింది. మనం తీసుకునే నిర్ణయాలు తర్వాతి ఎపిసోడ్‌లోకి వెళ్తాయి, ఎవరిని కాపాడామో, ఎవరిని వదిలేశామో గేమ్ గుర్తుపెట్టుకుంటుంది. జనం విరగబడి ఆడారు. అవార్డులొచ్చాయి. సీజన్ మీద సీజన్ వచ్చింది.

2018 ఆగస్టు 14న చివరి సీజన్ మొదలైంది. నాలుగు ఎపిసోడ్లని చెప్పి సీజన్ పాస్ అమ్మారు. ఐదు వారాలు దాటాయో లేదో, సెప్టెంబర్ 21న, కంపెనీ దాదాపు సిబ్బంది మొత్తాన్నీ ఒక్కరోజులో ఇంటికి పంపేసింది. అప్పటికి బయటికొచ్చింది ఒక్క ఎపిసోడ్. రెండోది సిద్ధంగా ఉంది కాబట్టి నాలుగు రోజుల తర్వాత వచ్చింది. మూడు, నాలుగు సంగతి అడిగితే చెప్పే నాథుడే లేడు. ఆ తర్వాత గేమ్‌ని కొత్తగా కొనే వీలు కూడా లేకుండా స్టోర్లలోంచి తీసేశారు.

వాకింగ్ డెడ్ కామిక్స్ వెనకున్న స్కైబౌండ్ సంస్థ ముందుకొచ్చి పాత టీమ్‌లో కొందరిని తీసుకోబట్టి కథ గట్టెక్కింది. మూడో ఎపిసోడ్ 2019 జనవరిలో, నాలుగోది మార్చిలో వచ్చాయి. పాస్ కొన్నవాళ్లు మళ్లీ డబ్బు కట్టాల్సిన పని పడలేదు. అంతా సుఖాంతమే కదా అనొచ్చు. కానీ అది కొన్నవాళ్ల హక్కు వల్ల రాలేదు, వాకింగ్ డెడ్‌కి ఉన్న పేరు వల్ల వచ్చింది. ఆ పేరు లేని గేమ్ అయితే? 2006లో ‘సిన్ ఎపిసోడ్స్’ అని ఒకటి వచ్చింది. తొమ్మిది ఎపిసోడ్లని చెప్పారు. వచ్చింది ఒక్కటే.

రిఫండ్ ఉందిగా అంటారా?

ఉంది. కానీ గడియారం చూడండి. పీసీ గేమ్స్ ఎక్కువగా కొనే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే అడగ్గానే డబ్బు వెనక్కిస్తారు. మామూలు గేమ్‌కి ఇది మంచి నిబంధనే. ఎపిసోడ్ గేమ్‌కి వచ్చేసరికి తేలిపోతుంది. ఒక్కో ఎపిసోడే రెండు గంటలుంటుంది. శనివారం రాత్రి మొదటిది పూర్తి చేశామంటే ఆ రెండు గంటలూ అక్కడే అయిపోయినట్టు. రెండో ఎపిసోడ్ నెలన్నరకి వస్తే 14 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. అంటే బాగాలేని ఎపిసోడ్, అసలు రాని ఎపిసోడ్ మన దృష్టికి వచ్చేలోపే రిఫండ్ గడువు ముగుస్తుంది. ఫోన్‌లో గూగుల్ ప్లే అయితే ఇంకా తక్కువ. రిఫండ్‌కి మామూలుగా ఉండే గడువు 48 గంటలే.

సంగతి స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీకీ తెలిసినట్టే ఉంది. 2024 నవంబర్‌లో సీజన్ పాస్‌లకి కొత్త నిబంధనలు పెట్టింది. పాస్‌లో ఏమేం వస్తాయో, ఎప్పుడొస్తాయో ముందే చెప్పాలి. వాయిదా ఒక్కసారే, అదీ మూడు నెలలకి మించకూడదు. రద్దు చేస్తే రాని భాగానికి డబ్బు వెనక్కివ్వాలి. ఇన్నేళ్లలో కొనుగోలుదారు వైపు పడిన గట్టి అడుగు ఇదే. అయితే ఇది ఒక దుకాణం తన ఇష్టంతో పెట్టుకున్న నిబంధన, చట్టం కాదు. రేపు మార్చుకున్నా అడిగేవాడు లేడు. (ఇదే వాల్వ్ 2006లో, 2007లో ‘హాఫ్-లైఫ్ 2’కి రెండు ఎపిసోడ్లు ఇచ్చి, మూడోది ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఆ కబురు తర్వాత.)

సీరియల్ అంటే మనకి కొత్తా?

ముక్కలుగా కథ కొనడం బెజవాడకి పాత అలవాటే. వారపత్రికల సీరియల్స్‌కి ఈ ఊరు పుట్టిల్లు లాంటిది. 1984లో మొదలైన స్వాతి వారపత్రిక ఇక్కడిదే, ఆంధ్రజ్యోతి పుట్టిందీ ఇక్కడే. సీరియల్ కోసం వారం వారం ఎదురుచూసినవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. మా అమ్మమ్మ పేజీలు చింపి, దారంతో కుట్టి దాచుకున్న సీరియల్ ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. అట్ట లేదు, రెండు వారాలు మిస్సింగ్.

అక్కడ పద్ధతేంటంటే ఏ వారం డబ్బు ఆ వారమే. రచయిత మధ్యలో ఆపేస్తే పోయేది ఉత్కంఠ ఒక్కటే, డబ్బు కాదు. పైగా కొన్న పత్రిక మనది. చదివి పక్కింటికి ఇవ్వొచ్చు, బైండు చేయించొచ్చు, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుకి అమ్మేయొచ్చు. హాఫ్-లైఫ్ మూడో ఎపిసోడ్ రానప్పుడు అభిమానులు తిట్టుకున్నారే గానీ మోసపోయామని కేసులెందుకు పెట్టలేదంటే కారణం ఇదే. ఆ ఎపిసోడ్లు విడివిడిగా అమ్మారు. మూడోదానికి ఎవరూ డబ్బు కట్టలేదు. సీజన్ పాస్ తెచ్చిన మార్పు ఈ ఒక్క చోటే. కథని ముక్కలుగానే ఉంచి, డబ్బుని మాత్రం ఒకే ముక్క చేసింది.

ముందు డబ్బిచ్చి తర్వాత సరుకు తీసుకోవడమూ మనవాళ్లకి తెలియనిది కాదు. నూజివీడులో మామిడి తోటల్ని వ్యాపారులు పూత మీదే మాట్లాడుకుంటారు. కాయ నిలుస్తుందో లేదో, గాలివాన కొడుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనం అంతా ధరలోనే ఉంటుంది. పూత మీద కొనేవాడు కోత నాటి రేటు ఇవ్వడు. మరి సీజన్ పాస్‌లో? విడివిడిగా కొంటే పడే మొత్తం మీద కాస్త తగ్గిస్తారు, అంతే. కాయ రాకపోయే ప్రమాదమంతా కొన్నవాడి నెత్తిన, ధర మాత్రం దాదాపు కోత నాటి ధర.

ఇంకోటి చూడండి. అపార్ట్‌మెంట్ కట్టకముందే ఫ్లాట్లు అమ్మేవాళ్ల కోసం 2016లో రెరా చట్టం తెచ్చారు. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, కొనేవాళ్ల దగ్గర తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసం విడిగా ఖాతాలో ఉంచాలి. ఫ్లాట్‌కీ గేమ్‌కీ పోలికేంటి అని నవ్వొచ్చు. మొత్తం చిన్నదే, కానీ బేరం ఒకటే. కట్టని దానికి డబ్బు. టెల్‌టేల్ లాంటి కంపెనీ మూతపడిన రోజు, రాని ఎపిసోడ్ల సొమ్ము ఎక్కడా విడిగా ఉండదు. అది ఎప్పుడో జీతాలకి, అద్దెలకి అయిపోయి ఉంటుంది.

మన చట్టం ఏమంటోంది

గత ఐదేళ్లుగా ఆంధ్రలో గేమింగ్ అంటే ఒక్కటే చర్చ, పందేలు. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే గేమ్స్ అన్నిటినీ దేశమంతా ఆపేసింది. అప్పులపాలైన కుటుంబాలు కళ్లముందున్నాయి కాబట్టి ఆ చర్చ అవసరమే. కానీ పందెం లేని గేమ్స్ సంగతికొస్తే, వాటికి చందా తీసుకోవచ్చు, ప్రవేశ రుసుము తీసుకోవచ్చు అని ఆ చట్టమే చెబుతోంది. తీసుకున్నాక ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఏంటన్నది దాని పరిధిలోకి రాలేదు.

ఈ దెబ్బ మనవాళ్లకి ఒకసారి తగిలింది కూడా. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. అక్టోబర్ 30న ఇండియాలో సర్వర్లు ఆగిపోయాయి. డెల్టాలో ఎపిసోడ్ గేమ్ ఆడనివాళ్లు ఉండొచ్చు గానీ పబ్‌జీ రాయల్ పాస్ పేరు విననివాళ్లు తక్కువ. సీజన్‌కి ఇంత అని కట్టి, బట్టలు, తుపాకుల రంగులు కొనుక్కున్నవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. తర్వాత 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతాలోని సరుకు మార్చుకునే వీలిచ్చారు. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ప్రతిసారీ సరుకు దక్కిందంటే కంపెనీకి ఆటగాళ్లు మళ్లీ కావాల్సి ఉండబట్టే.

అలాగని చేతులెత్తేయాల్సిన పనిలేదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల్లో డిజిటల్ ఉత్పత్తులు అనే మాట స్పష్టంగా ఉంది. ఇక్కడి వినియోగదారులకి క్రమం తప్పకుండా అమ్మే విదేశీ కంపెనీలకీ అవి వర్తిస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. సమస్య చట్టం లేకపోవడం కాదు. ఎనిమిది వందల రూపాయల గేమ్ కోసం కమిషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు? కంపెనీల ధీమా కూడా అదే అనిపిస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు ‘కొనండి’ అని ఊరికే రాయడానికి వీల్లేదు, ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని కొనేటప్పుడే చెప్పాలి. మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చి, లేని తొందర పుట్టించడం లాంటి 13 ఎత్తుగడలని తప్పుబట్టింది. ఇంకా తయారుకాని ఎపిసోడ్‌ని అమ్మేటప్పుడు ‘ఇది తయారుకాలేదు, రాకపోతే ఇంత వెనక్కిస్తాం’ అని కొనే బటన్ పక్కనే రాయాలని అందులో ఒక్క వాక్యం చేర్చితే చాలు.

అది వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. విడి ఎపిసోడ్ అమ్ముతుంటే అదే కొనండి. తేదీలన్నీ ముందే ప్రకటించి, నెలరోజుల్లో ముగిసే గేమ్ అయితే భయం తక్కువ. అసలు ఆగగలిగితే మరీ మంచిది. మొత్తం వచ్చాక సేల్‌లో సగం ధరకి దొరికిన సీజన్లు చాలా ఉన్నాయి. అన్నీ మధ్యలో ఆగిపోతాయని కాదు. ‘కెంటకీ రూట్ జీరో’ అనే గేమ్‌ని ముగ్గురే కూర్చుని చేశారు, 2013లో మొదలై 2020కి ముగిసింది. ఏడేళ్లు! ముందే డబ్బు కట్టినవాళ్లకి చివరి భాగం దాకా అందింది. కాకపోతే ఇంటర్‌లో కొన్నవాడు ఉద్యోగంలో చేరాక పూర్తి చేసి ఉంటాడు.

కొనాలనే అనుకుంటే, కొనే రోజు స్టోర్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఎన్ని ఎపిసోడ్లన్నారో, ఏ తేదీ చెప్పారో అందులో కనిపించాలి. ఆ పేజీ తర్వాత మారిపోతుంది, మీ చేతిలో రుజువుండదు. బిల్లు మెయిల్ డిలీట్ చేయకండి. చెప్పిన తేదీ దాటితే ముందు స్టోర్‌కి రాతపూర్వకంగా రాయండి, అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు.