వన్ టౌన్ మాటలు – 19: ఆడుకోడానికే కొన్నాం



కొండ మీద ఇళ్ల పట్టాల గురించి ఈ వారం రాస్తానన్నాను. అది వచ్చే వారానికి జరిపాను, ఏమీ అనుకోకండి. ఈ మధ్యలో మా ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ పంచాయితీ నడిచింది. అది చెప్పకుండా వేరే సంగతి రాయబుద్ధి కావడం లేదు.

మా అక్క వాళ్లది చిట్టినగర్ వైపు కొండ వాలులో ఇల్లు. బావ ట్రాలీ ఆటో తోలతాడు. తెల్లారుజామున నాలుగింటికల్లా గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో ఉండాలి. అక్క ఇక్కడే ఒక బట్టల కొట్లో సేల్స్‌లో చేస్తుంది. మేనల్లుడు డిగ్రీ మొదటి సంవత్సరం, కంప్యూటర్స్ గ్రూపు. అక్క మొన్న చీటీ పాడుకుంటే 35 వేలు చేతికొచ్చాయి. ఇంట్లో ఇంత డబ్బు ఒకేసారి కనపడటం అరుదు కదా, మావాడు వెంటనే ల్యాప్‌టాప్ కావాలన్నాడు.

"ఎందుకురా?" అన్నా.

"చదువుకి మావయ్యా. కోడింగూ, ప్రాజెక్టులూ ఉంటాయి."

నేనూ నమ్మా. "ఏ మోడళ్లు చూశావో చూపించు" అంటే ఫోన్ ఇచ్చాడు. అందులో వాడు వెతికినవన్నీ ఒకటే రకం. ఈ ల్యాప్‌టాప్‌లో జీటీఏ ఫైవ్ ఆడుతుందా, ఆ ల్యాప్‌టాప్‌లో వాలరెంట్‌కి ఎంత ఎఫ్‌పీఎస్ వస్తుంది. కోడింగ్ ముక్క ఒక్కటీ లేదు. నాకు కోపమొచ్చింది. "మీ అమ్మ పన్నెండు గంటలు నిలబడి సంపాదించిన డబ్బురా" అని గట్టిగానే అరిచా. వాడు తల దించుకుని ఒక్క మాట అన్నాడు.

"ఆడుకోడానికి అని చెబితే కొనిస్తారా మరి?"

నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక ఆలోచించా. నేనేం చేశాను ఆ వయసులో? కొత్తపేటలో నెట్ సెంటర్‌కి పోయేవాణ్ణి, గంటకి పదిహేను రూపాయలు. ఇంట్లో "స్కాలర్‌షిప్ ఫారం ప్రింట్ తీసుకోవాలి" అని చెప్పేవాణ్ణి. అక్కడ కూర్చుని రోడ్ రాష్‌లో పక్క బండివాణ్ణి గొలుసు తీసుకుని కొట్టేవాణ్ణి. తర్వాత వైస్ సిటీ వచ్చింది. ఆ స్కాలర్‌షిప్ ఫారం నేను ఎన్నిసార్లు ప్రింట్ తీశానో లెక్క లేదు. అంటే ఇరవై ఏళ్ల కింద నేనాడిన అబద్ధమే వీడూ ఆడాడు. మా ఇళ్లల్లో పిల్లోడు ఏం అడిగినా దానికి చదువు అనే చొక్కా తొడగాల్సిందే. ఆట అనేది ఒట్టి ఒంటితో గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఈ మాట ఉద్యమంలో ఉన్న ఒక అన్నతో అంటే ఆయన నన్నే కసిరాడు. "మన పిల్లలకి ఆటలాడే టైమా తమ్ముడూ ఇది? వాళ్ల పిల్లలు ఆడతారు, వాళ్లకి పొలాలున్నాయి. మనవాడు చదివి ఉద్యోగం కొట్టాలి." ఆయన మీద నాకు గౌరవముంది, ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తెలుసు. అయినా ఒప్పుకోను. ఖాళీ సమయం పై కులాల ఆస్తి, చెమట మన ఆస్తి అని పంచిపెట్టింది ఎవరు? అది మనమెందుకు మోయాలి?

బాబాసాహెబ్ దీని గురించి సూటిగానే రాశారు. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకి ఏం చేశారో లెక్క తీస్తూ ఇంగ్లీషులో వేసిన పుస్తకంలో గాంధీయిజం మీద ఒక అధ్యాయం ఉంది. యంత్రాలొద్దు, రాట్నం చాలు అనే వాదానికి ఆయన చెప్పిన జవాబు ఏంటంటే, మనిషి పశువులా బతక్కుండా ఉండాలంటే సంస్కృతి కావాలి, సంస్కృతికి తీరిక కావాలి, తీరిక యంత్రం వల్లే వస్తుంది, కాబట్టి యంత్రాలు ఇంకా కావాలి. స్వరాజ్ మైదానంలో 125 అడుగుల విగ్రహం పెట్టుకున్నాం, 2024 జనవరి 19న ఆవిష్కరించారు, దండలేస్తున్నాం. మేనల్లుడు ఒక యంత్రం, కాస్త తీరిక అడిగితే మాత్రం కేకలేస్తున్నాం.

సరే. మర్నాడు వాణ్ణి పిలిచి చెప్పా. "ఆడుకోడానికే కొందాం. చదువు కూడా అందులో జరిగితే జరిగింది. కానీ డబ్బు మాత్రం వృథా కాకూడదు, పద."

ఇక్కణ్ణించి కొనే సంగతి. మీ ఇళ్లల్లో ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

మొదటి షాపులో సేల్స్ అబ్బాయి 35 వేలలోపు కొత్తది ఒకటి చూపించాడు. రైజన్ 7320యూ. "సెవెన్ థౌజండ్ సిరీస్ సార్, లేటెస్ట్" అన్నాడు. ఏడు వేలు అంటే ఐదు వేల కంటే పెద్దదే కదా అనుకుంటాం. ఇక్కడే ఉంది మోసం. ఆ నంబర్లలో మొదటి అంకె ఏ సంవత్సరం అమ్మకానికి పెట్టారో చెబుతుంది. లోపలి డిజైన్ ఎప్పటిదో చెప్పేది మూడో అంకె. 7320లో మూడో అంకె 2, అంటే పాత జెన్ 2. పైగా దాని గ్రాఫిక్స్ 610ఎం, బొమ్మ గీసే యూనిట్లు రెండంటే రెండే. 7520యూ కూడా అంతే. అదే 7530యూ అయితే జెన్ 3, గ్రాఫిక్స్ యూనిట్లు ఏడు. ఒక్క అంకె తేడాతో ఆట ఆడుతుందా లేదా అన్నది తేలిపోతుంది. మన దేశంలో ఇంటిపేరు అడిగి మనిషిని కొలిచేవాళ్లు కోకొల్లలు. అక్కర్లేని చోట అంత ఆరా తీసే జనం, అక్కర ఉన్న ఈ చోట మూడో అంకె చూడరు.

నిజంగా గేమింగ్ అని అమ్మేవి, ఆర్‌టీఎక్స్ 2050, 3050 లాంటి విడి గ్రాఫిక్స్ కార్డున్నవి, 50 వేలు దాటి చెప్పారు. మావాడి కళ్లు వాటి మీదే. "ఈఎంఐ పెట్టుకోండి సార్, నో కాస్ట్" అన్నారు. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. రొక్కానికి కొంటే వచ్చే డిస్కౌంటు పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, ఒక నెల ఖాతాలో డబ్బు లేక డెబిట్ తిరిగొచ్చిందంటే షాపువాడికి కాదు, మనకి పడుద్ది జరిమానా. అయినా అడిగి చూద్దాం అన్నా. ఫైనాన్స్ అబ్బాయి ఆధార్ తీసుకున్నాడు, ఫోన్‌లో ఏదో కొట్టాడు, అడ్రస్ మళ్లీ అడిగాడు. "కొండ మీదా సార్?" అన్నాడు. అవునన్నా. "ఆ ఏరియా నెగటివ్‌లో చూపిస్తంది సార్. వేరే అడ్రస్ ప్రూఫ్ ఏమన్నా ఉందా?"

బావ సిబిల్ చూడలేదు. బావ పేరు మీద అప్పుందా లేదా చూడలేదు. ఇల్లెక్కడో చూశాడంతే. ఆ పిల్లాణ్ణి అని లాభం లేదు, వాడి జీతం ఎంతో మనకి తెలియందా. ఇదివరకు వాడ పేరు చెబితే గ్లాసు వేరేది ఇచ్చేవాళ్లు. ఇప్పుడు వాడ పేరు కంప్యూటర్‌లోకి ఎక్కింది, ఇచ్చేవాడికి కూడా ఎందుకు ఇవ్వట్లేదో తెలీదు. మావాడు అప్పటిదాకా పక్కనే నిలబడి కీబోర్డు లైట్ల రంగులు మారుస్తున్నాడు. చెయ్యి తీసేశాడు. "వద్దులే మావయ్యా, అమ్మ డబ్బుల్లోనే చూద్దాం" అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటానే ఉంది.

ఒకరకంగా ఆ 50 వేలది రాకపోవడమే మంచిదైంది అంటే మీరు నవ్వుతారేమో. కానీ నిజం. వాడాడేవి ఏంటి? వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ శాన్ ఆండ్రియాస్, ఇంకా ఊళ్లో ప్రతి కుర్రాడూ ఆడే ఈఏ క్రికెట్ 07. శాన్ ఆండ్రియాస్ 2004 నాటిది. క్రికెట్ గేమ్ 2006లో వచ్చింది, అది ఏ డొక్కు మెషీన్లోనైనా ఆడుద్ది. వాలరెంట్‌ని తక్కువ రకం కంప్యూటర్లలో కూడా ఆడేలాగే తయారుచేశారు. ఒక్క జీటీఏ ఫైవ్‌కే కాస్త బలం కావాలి. సెట్టింగులు తగ్గించుకుంటే అదీ నడుస్తుంది. వీటికోసం విడి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. పైగా ఆ కార్డులున్నవాటికి ఇటుకంత చార్జరు, బోలెడు వేడి. మే నెలలో కొండరాయి రాత్రి పదింటిదాకా వేడి కక్కుతా ఉంటే, రేకుల కింద ఆ ఫ్యాను మోత ఊహించుకోండి. వేడెక్కితే మెషీన్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో ఆడేవాడికి వచ్చిన ఎఫ్‌పీఎస్ మనకి రాదు. ఈ ముక్క ఏ రివ్యూలోనూ చెప్పరు.

కాబట్టి సెకండ్ హ్యాండ్. ఇందులో నేను నేర్చుకున్నవి చెబుతా. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఎక్కుతుంది. ఆఫీసుల్లో వాడి వదిలేసిన ఆరో, ఏడో జనరేషన్ మెషీన్లు అందుకే ఇప్పుడు గుట్టలుగా చవగ్గా వస్తున్నాయి. తీసుకోకండి. వాలరెంట్ అయితే విండోస్ 11లో టీపీఎం, సెక్యూర్ బూట్ లేకపోతే తెరుచుకోదు కూడా. ఆఫీసు మెషీన్లకి బయోస్ పాస్‌వర్డ్ ఉండిపోయిందేమో ఆన్ చేసి చూడండి. బ్యాటరీ రిపోర్ట్ తీయించండి, కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతుంది అని రెండు అంకెలొస్తాయి. అడుగున స్క్రూలు చూడండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచిన ఊరు మనది, తుప్పుంటే పక్కన పెట్టేయండి.

అన్నిటికంటే ముఖ్యం బిల్లు. జీఎస్టీ బిల్లు మీద మెషీన్ సీరియల్ నంబర్ రాయించుకోండి. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తానంటాడు, ఒప్పుకోవద్దు. రాత్రి తొమ్మిదింటికి బ్యాగుతో వస్తుంటే ఆపి "ఇది నీదేనా, ఎక్కణ్ణించి తెచ్చావ్" అని అడిగేది ఎవరి పిల్లల్నో మీకు నేను చెప్పక్కర్లేదు.

మొత్తానికి వారం తిరిగి రైజన్ 5 5625యూ ఉన్న రెండేళ్లు వాడిన మెషీన్ ఒకటి 29,500కి తీసుకున్నాం. ఎస్‌ఎస్‌డీ ఉంది, బ్యాటరీ ఫర్వాలేదు, ఆరు నెలల వారంటీ రాసిచ్చాడు.

బావకున్న అనుమానం ఒకటే. "ఇందులో రమ్మీ అలవాటైతే?" ఆ భయం ఉత్తది కాదు, ఆటో స్టాండులో బండ్లు తాకట్టు పెట్టినవాళ్లని ఆయన చూశాడు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం చేసింది. అయినా దొంగదారులుంటాయి. అందుకే మావాడి దగ్గర ఒకే మాట తీసుకున్నా. డబ్బు కట్టమని అడిగిన ఆట ఏదైనా ముందు నాకు చూపించాలి. దాచి ఆడితే దేనిలో పడ్డాడో మనకెలా తెలుస్తుంది? దాచక్కర్లేకుండా చేశాం కదా, ఇక చెబుతాడనే నా నమ్మకం.

మొన్న ఆదివారం వెళ్తే బావ మంచం మీద కూర్చుని క్రికెట్ బ్యాటింగ్ చేస్తున్నాడు. ఆ కీలు ఆయన వేళ్లకి చిన్నవి, ఒకేసారి రెండు నొక్కేస్తున్నాడు. మూడు బంతుల్లో రెండుసార్లు అవుటై "ఇంకోటెయ్యరా" అంటున్నాడు. అక్క మాత్రం ఇంకా "చదువుకోడానికి కొన్నాం" అనే చెబుతుంది చుట్టుపక్కల. చెప్పుకోనీ.

ఒక లోటు మిగిలింది. అందులో ర్యామ్ 8 జీబీ ఒక్కటే ఉంది, పక్క స్లాట్ ఖాళీ. విడి గ్రాఫిక్స్ లేని మెషీన్లు ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి జంటగా రెండు ఉంటే ఆట చాలా సాఫీగా నడుస్తుంది. ఈ మధ్య ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి, చీటీ డబ్బులో మిగిలింది అక్క వేరే ఖర్చుకి తీసేసింది. మీలో ఎవరి దగ్గరైనా ల్యాప్‌టాప్ డీడీఆర్4 8 జీబీ స్టిక్ వాడకుండా పడుంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. ఊరికే వద్దు, డబ్బులిస్తాం. వన్ టౌన్ చుట్టుపక్కలైతే మావాడే వచ్చి తీసుకుంటాడు.