చిరుధాన్యములు: పొత్తును, పాలును

జూబిలీహిల్సు చెక్‌పోస్టు కూడలియొద్ద నిలిచి తలయెత్తి చూచువారికి మొదట కానవచ్చునవి ప్రకటన ఫలకములు. ఫిలింనగరపు తారల ముఖములే అచ్చట శీతలపానీయములను, నూనెలను, బిస్కత్తులను చూపి కొనుడని మనలను పిలుచుచుండును. ఆహారవ్యాపారము తన గోడలు దాటి బయటివారితో చేసికొను ఒప్పందములలో సామాన్యుడు ఎఱిగినది ఇదియొక్కటే. కాని ముఖమును గాక విద్యను అరువు తెచ్చుకొని, వస్తువునే క్రొత్తగా సృజించు పొత్తు వేఱొకటి కలదు. అది ఈ కొండలకు తూర్పున తార్నాకలోను, దక్షిణమున రాజేంద్రనగరములోను ఫలకములు లేకయే జరుగుచున్నది. ఆ పొత్తులో ఎవరి పాలు ఎంత యను ప్రశ్నను ప్రజలు అడుగవలసిన కాలము వచ్చినది.

పొత్తునే తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఎంతటి సంస్థయైనను సమస్తవిద్యలను తన ప్రాకారము లోపలనే పుట్టింపజాలదు. ప్రింగిల్సు అను బంగాళాదుంప రేకులు ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ చేతిలో నున్న దినములలో, ఆ రేకులపై బొమ్మలును మాటలును అచ్చొత్తి అమ్మవలెనని ఆ సంస్థ తలచెను. అందుకు కావలసిన విద్యను తన ప్రయోగశాలలలో మొదటినుండి సాధింపబూనక, బయట వెదకించెను. ఇటలీదేశమున బొలోన్యా పట్టణమునందు ఒక విశ్వవిద్యాలయాచార్యుడు నడుపుకొను చిన్న రొట్టెల అంగడిలో అది దొరకెను. 2004లో ఆ రేకులు విపణికి వచ్చెను. పొరుగింటి పుల్లకూర రుచియని మనవారు ఎగతాళికి అన్నమాట వ్యాపారమున ఇట్లు నిజమయినది.

మన నగరముననే ఇంతకంటె ఘనమైన నిదర్శనము కలదు. 1918లో కూనూరున ఒక్కగదిలో మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే తార్నాకలోని నేటి జాతీయ పోషకాహార సంస్థ. రక్తహీనతను మాన్పుటకు ఇనుము కావలెను. గలగండము రాకుండుటకు అయొడిను కావలెను. బీదవాడును ధనికుడును నిత్యము తినునది ఉప్పు. కావున రెంటిని ఉప్పునందే చేర్చవలెనని అచ్చటి శాస్త్రజ్ఞులు సంకల్పించిరి. అయితే ఆ రెండును ఒకచోట ఇముడవు. అయొడిను ఎగిరిపోవును, ఉప్పు రంగు మాఱును. సోడియం హెక్సామెటాఫాస్ఫేటు అను పదార్థమును కొలదిగా కలిపి వారు ఆ వైరమును శమింపజేసిరి. ఈ సంస్థ విద్యను గ్రహించియే టాటావారు టాటా సాల్ట్ ప్లస్ అను ఉప్పును అంగళ్లకు తెచ్చిరి. 1930లో ఏ ఉప్పుకొఱకు ఈ జాతి చెఱసాలలను నింపెనో, ఆ ఉప్పునకు ఇనుమును చేర్చిన విద్య ప్రజాధనముతో పండినదని మనము మఱువరాదు.

ఇక జొన్నమాట. రొట్టెగా, గటకగా, అంబలిగా తరతరములు కూలివాని కడుపు నింపిన ధాన్యమిది. 1950-51లో దేశమున కోటిన్నరకు మించిన హెక్టార్లలో సాగైన జొన్న నేడు దాదాపు 40 లక్షల హెక్టార్లకు దిగినది. కాలువలును గొట్టపుబావులును వరిని, గోధుమను పెంచెను. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండురూపాయల బియ్యము వచ్చినది. బీదవాని యాకలి తగ్గినది. దానితోపాటు జొన్నయు పళ్లెమునుండి మెల్లగా తొలగినది. ఆ బియ్యమును మేము నిందింపము. అన్నము లేనివానికి అన్నము పెట్టుటకంటె ధర్మము లేదు. కాని తొలగిన జొన్నను మరల పళ్లెమునకు తెచ్చుట సులభము కాదు. గోధుమపిండికి సాగుడునిచ్చు గ్లూటెన్ జొన్నలో లేదు. వేడినీట పిసికి అఱచేత తట్టనిదే రొట్టె నిలువదు. పట్టణపు కాపురములకు ఆ నేర్పును తీరికయు కొఱవడినవి. సజ్జయందలి కొవ్వు పిండి విసరిన కొలదిదినములకే చెడి చేదెక్కును. అట్టి పిండి అంగడిలో నెలలకొలది నిలువజాలదు.

ఈ చిక్కులను విప్పుటకు ఏ యొక్కరి శక్తియు చాలదు. కావుననే రాజేంద్రనగరమందలి జొన్న పరిశోధనాలయము 2007 తరువాత, ప్రపంచబ్యాంకు సాయముతో నడచిన జాతీయ వ్యవసాయ నవకల్పన పథకము క్రింద, జాతీయ పోషకాహార సంస్థను, ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమును, ఐ.టి.సి. కంపెనీని కూర్చి ఒక కూటమిగా ఏర్పఱచెను. జొన్న అటుకులు, రవ్వ, సేమియా, బిస్కత్తులు ఆ కృషినుండి రూపొందెను. ఆ పరిశోధనాలయమే నేడు భారతీయ చిరుధాన్యముల పరిశోధన సంస్థ. న్యూట్రిహబ్ అను విభాగమున క్రొత్త వ్యాపారులకు యంత్రములను, శిక్షణమును అందించుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటతో లోకముదృష్టియు ఇటు మరలినది.

ఇంతవరకు సంతోషమే. కాని ఈ కూటమియందు ఐదవ భాగస్వామి యొకడు కలడు; అతని సంతకము ఏ కాగితమునను లేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున పస్తాపురము కేంద్రముగా 1983నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని స్త్రీలు, అత్యధికులు దళితులు, ఎవరును వలదన్న కాలమున జొన్న, కొఱ్ఱ, సామ విత్తనములను బుట్టలలో బూడిదయు వేపాకును కలిపి కాపాడిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఆ సంఘమునకు ఈక్వేటర్ బహుమానమిచ్చి గౌరవించిరి. అట్టివారు దేశమున ఎందఱో కలరు. వారు విత్తును నిలుపకున్నచో ప్రయోగశాలకు పని యెక్కడిది? కంపెనీకి సరకెక్కడిది?

కంపెనీలు దీనికి చెప్పు సమాధానమును వినవలెను. "నష్టభయము మాది. పదివస్తువులను తెచ్చిన రెండు నిలుచుట గగనము. మేము రాకున్నచో శాస్త్రజ్ఞుని వ్యాసము అరలో నిద్రించును, రైతు జొన్న కళ్లమున పడియుండును" అని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. సాహసించినవానికి లాభము న్యాయమే. కాని ఎండిన యేట నష్టమును మోయునది రైతు. ఫలింపని ప్రయోగముల వ్యయమును మోయునది పన్నుచెల్లించు ప్రజ. నష్టభయము మూడింట పంచబడియుండగా, లాభమును పేరును ఒక్కచోట చేరుట పొత్తనిపించుకొనదు.

ఈ విషయమున ఫిలింనగరము ఆహారవ్యాపారమునకు పాఠము చెప్పగలదు. సినిమాయు బయటి పొత్తులచేతనే బ్రదుకు పరిశ్రమ. నిర్మాత కథ వ్రాయడు, పాట కట్టడు, దీపము పట్టడు. ఒక్కొక్క చిత్రమునకు వేఱువేఱు చోట్లనుండి నిపుణులను కూర్చుకొనును. అయినను తెరపై కథకుని పేరును, కూర్పరి పేరును, కడకు దుస్తులు కుట్టినవాని పేరును చూపును. వేతనములలో అన్యాయములు అచ్చటను కలవు. కాని పనిచేసినవాని పేరు చెప్పుట ధర్మమని ఆ పరిశ్రమ ఒప్పుకొన్నది. జొన్న బిస్కత్తుల పొట్లమును త్రిప్పి చూడుడు. కంపెనీ పేరుండును, తార ముఖముండవచ్చును. ఆ విద్య ఎవరిది, ఆ గింజ ఏ నేలది యను మాట అరుదు.

కావున మేము కోరునవి మూడు. ప్రజాధనముతో నడచు పరిశోధనాలయములు కంపెనీలతో చేసికొను ఒప్పందముల షరతులను ప్రకటింపవలెను. ఆ విద్యను ఒక్క కంపెనీకే గుత్తకీయక చిన్నవ్యాపారులకును, స్త్రీసంఘములకును అందుబాటున నుంచవలెను. పొట్లముపై పరిశోధనాలయము పేరును, ధాన్యము పండిన ప్రాంతము పేరును అచ్చొత్తవలెను. మూడవది ముఖ్యము: విత్తుటకు ముందే రైతుసంఘములతో ధర వ్రాసికొని కొనవలెను. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, మార్చుకొనుటకు రైతునకు హక్కునిచ్చినది. కాని హక్కు చట్టమున నుండుట వేఱు, పాలు చేతికందుట వేఱు.

ఈ పనికి ప్రభుత్వముల యాజ్ఞకై వేచియుండనక్కఱలేదు. హైదరాబాదున కార్యాలయములు పెట్టుకొని, రాజేంద్రనగరమున విద్య గ్రహించి, జహీరాబాదు నేలనుండి గింజ తెచ్చుకొను సంస్థలు తామే ముందడుగు వేయవచ్చును. కొనువారమైన మనకును బాధ్యత కలదు. జొన్న మంచిదని వైద్యులు చెప్పగా కొనుచున్నాము. ఆ జొన్న పండించిన యింట దీపము వెలుగుచున్నదా యని కూడ అడిగి కొందము.