ఓల్డ్ ఫ్యాషన్డ్: మూలపాఠమూ ప్రక్షిప్తాలూ

శీర్షిక చూసి ఏదో ప్రబంధ పరిష్కరణ గురించి కాబోలునని వచ్చినవారు నన్ను మన్నించాలి. ఇది ఒక విస్కీ పానీయాన్ని గూర్చిన ప్రసంగం. జీవితమంతా ఛందోవ్యాకరణాలు చెప్పుకున్న పంతులుకు ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. పైగా నేను పుచ్చుకోను. 1992లో దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిన రోజుల్లో నేను నెల్లూరు జిల్లాలోనే రాత్రిబడిలో అక్షరాలు దిద్దించాను. సారా ఎన్ని కొంపలు తీసిందో ఆ పలకలు పట్టినవారి నోటనే విన్నాను. ఆనాడు నేనన్న మాటల్లో ఒక్కటీ ఈనాడు వెనక్కు తీసుకోను.

న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటికి ఇదివరకు నేను వెళితే సీసా బీరువాలోకి పోయేది. ఈసారి వాడు దాచలేదు. "నాన్నగారూ, మీ ఎదుట కలుపుకుంటే ఏమీ అనుకోరు కదా" అని అడిగి మరీ కలుపుకున్నాడు. నాకు కష్టంగానే తోచింది. అయినా లేచిపోలేదు. అలవాటు కొద్దీ తప్పు వెదకటం మొదలుపెట్టాను. దొరికింది.

వాడు నారింజ ముక్కనూ చెర్రీపండునూ గ్లాసు అడుగున వేసి మెదిపాడు, పైన సోడా పోశాడు. పేరేమిటిరా అంటే ఓల్డ్ ఫ్యాషన్డ్ అన్నాడు. పాతపద్ధతిదని పేరు పెట్టుకున్నదానికి పాతపాఠమేమిటో చూడవద్దా? 1806 మే 13న న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి, కాక్‌టెయిల్ అనగానేమి అని పాఠకుడడిగిన ప్రశ్నకు లక్షణం చెప్పింది: ఏదైనా ఒక మద్యం, చక్కెర, నీరు, బిటర్స్. నాలుగే! ఆ శతాబ్ది రెండో సగంలో బార్లవారు తలా ఒక తీపిమద్యం చేర్చబోతే, విసిగినవారు పాతపద్ధతిదే ఇమ్మని అడిగారు. ఆ అడగటమే పేరయింది. పండ్లముద్ద 20వ శతాబ్దిలో వచ్చి చేరిన ప్రక్షిప్తం. ప్రక్షిప్తాన్ని తొలగించటం పరిష్కర్త ధర్మం, అది కావ్యంలో ఉన్నా గ్లాసులో ఉన్నా.

బిటర్స్ అంటే వేళ్లూ మూలికలూ మద్యంలో నానబెట్టి తీసిన చేదుసారం. పేరుపొందిన అంగోస్తురా బిటర్స్‌ను 1824లో సీగర్ట్ అనే జర్మన్ వైద్యుడు వెనెజువేలాలోని ఆ పేరుగల ఊరిలో ఔషధంగా తయారుచేశాడు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేసే పని ఇక్కడ రెండు మూడు చుక్కలు చేస్తాయి. వేపపువ్వు లేని పచ్చడి ఎటువంటిదో మనకు తెలుసు కదా.

నీటి విషయంలోనే నాకు ఆశ్చర్యం కలిగింది. నీళ్లు కలపటమంటే మన దృష్టిలో పాలవాడి కల్తీ. ఇక్కడ నీరు లక్షణంలోనే ఉంది. చక్కెర మద్యంలో తేలికగా కరగదు. కనుక ముందు ఒక చెక్కెరబిళ్లను బిటర్స్‌తోనూ చెంచాడు నీళ్లతోనూ తడిపి నలపాలి. పిమ్మట 60 మిల్లీలీటర్ల విస్కీ, ఒక పెద్ద మంచుగడ్డ. చెంచాతో నెమ్మదిగా తిప్పాలి. చల్లబడటమంటే మంచు కరిగి నీరు చేరటమే, ఆ రెండూ వేరు కావు. పెద్దగడ్డ అయితే నిదానంగా కరుగుతుంది. మూతపెట్టి గిలకొట్టటం పండ్లరసమో గుడ్డుసొనో ఉన్నవాటికి. దీన్ని గిలకొడితే గాలిబుడగలు చేరి తేటదనం పోతుంది. చివర నారింజతొక్కను గ్లాసుపై నులిమితే నూనె చింది పరిమళిస్తుంది. దీనిని మాత్రం నేను అనుమతించాను. టీక వంటిది, మూలాన్ని చెరపదు.

రుచి చూడనివాడి తీర్పు చెల్లదని మా అబ్బాయి వాదన. వాదనలో బలముంది, ఒప్పుకుంటాను. కాని మర్నాటి సాయంత్రం వాడు పండ్లు మానాడు, సోడా మానాడు. కొలతపాత్రతో కొలిచి పోసి, నన్ను చూస్తూ దాదాపు అరనిమిషం తిప్పాడు. సారా తాగినవాడు కొలవటం నేను నా కళ్లతో ఎన్నడూ చూడలేదు.

గంటసేపు కూర్చున్నాం. వాడి చిన్ననాటి బడి కబుర్లు వచ్చాయి, వాళ్లమ్మ మాట వచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యాక వాడు లేచి దాన్ని కడిగి బోర్లించాడు. సీసా బల్ల మీదనే ఉంది.